గేటు పక్క చిక్కుళ్లు

పెద్దమాలి చెవులను ఇంజిను తినేసింది. ముప్పై ఒక్క ఏళ్ల పాటు ఆయన పురుగుల మందు కొట్టే ఇంజినును వీపున మోసుకుని ఆ తోటంతా తిరిగాడు. అది మోగుతుంటే గోడ అవతల వీధిలో మాట్లాడుకునేవాళ్లు కూడా నోళ్లు మూసుకుని ఊరుకునేవాళ్లు. మోసేవాడి సంగతి ఎవరికి పట్టింది? ఉద్యోగం దిగేనాటికి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి పేరుకు మిగిలింది. ఆ మిగిలిన చెవి దగ్గర నోరు పెట్టి గొంతు చించుకుంటే తప్ప ఆయనకు ఏ మాటా చేరదు. చుట్టాలూ స్నేహితులూ ఒకరి తర్వాత ఒకరు ఆ కష్టం మానుకున్నారు. మానకుండా అరుస్తున్నది కూతురొక్కతే.

ఆ అరుపులు విన్న కొత్తవాళ్లు తండ్రీకూతుళ్లు కొట్లాడుకుంటున్నారనుకుని గాభరాపడేవాళ్లు. "మాత్ర వేసుకున్నావా నాన్నా!" "చలేస్తోందా నాన్నా!" "అన్నం తిందువుగాని రా నాన్నా!" తోట ఈ మూల నుంచి ఆ మూలకు వినపడేది. అంతకన్నా ముద్దుగా ఎవరూ ఎవరినీ పిలవలేరని ఆ అరుపులు రోజూ వినేవాళ్లకే తెలుసు.

కాకపోతే అరిచి చెప్పగలిగేవి చిన్న మాటలే. పొడుగు మాటను ఎవరు అరవగలరు? మూడో వాక్యానికి గొంతు పోతుంది, నాలుగో వాక్యానికి దారినపోయేవాళ్లు ఆగి చూస్తారు. రాసి చూపిద్దామంటే ఆయనకు అంకెలు తప్ప అక్షరాలు రావు. అందుకని ఆ ఇద్దరి మధ్య తిండీ, మాత్రలూ, చలీ మిగిలాయి. ఎందుకు, ఎలా, దేనికోసం అనే మాటలన్నీ కూతురి కడుపులోనే ఉండిపోయాయి. జరిగిన ఘోరానికి మూలం అదే. ఎవరి చెడ్డతనమూ లేదు. ఉంటే నాలుగు తిట్లు తిట్టి తేలికపడేవాళ్లం, ఆ సుఖం కూడా లేకుండా పోయింది.

తోట గురించి కాస్త చెప్పాలి. నాలుగు పక్కలా రెండు నిలువుల ఎత్తు గోడలు, కట్టి మూడువందల ఏళ్లయింది. ఎవరో ధనవంతుడు తన పళ్లచెట్లకు చలిగాలి తగలకూడదని రాయీ సున్నమూ పోసి కట్టించాడు. పని చేసినవాళ్లకు గొడుగైనా ఇచ్చాడో లేదో తెలియదు గానీ, చెట్లకు మాత్రం వెచ్చటి ఇల్లు కట్టించాడు. కొమ్మలను గోడకు ఆనించి కట్టడానికి తరతరాల మాలీలు కొట్టిన మేకులు తుప్పుపట్టి రాలిపోయి, వాటి చోట్లలో వందల కన్నాలు మిగిలాయి. ఇప్పుడు ఆ గోడలూ తోటా ఒక ట్రస్టువి. జనం టికెట్టు కొనుక్కుని వచ్చి చూసిపోతారు. మాలి కుటుంబానికి ఉత్తరపు గోడకు బయటివైపు ఆనించి కట్టిన రెండు గదులుంటాయి. మాలి ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ గదులు.

తండ్రి దిగి కూతురు ఆ ఉద్యోగంలోకి ఎక్కి ఏడేళ్లయింది. వచ్చినవాళ్లంతా ఆమెను చిన్నమాలి అనేవాళ్లు. చేరిన మొదటి వారంలోనే పనిముట్ల గదిలోని మందు డబ్బాలన్నీ, ఇంజినుతో సహా, బండికెక్కించి పంపేసింది. ఆ తర్వాత ఇక వింతలే వింతలు. ఎండిన కాడలు కొయ్యనివ్వదు, వాటి బోలులో ఏవో చిన్న తేనెటీగలు కాపురం ఉన్నాయంటుంది. రాలిన ఆకులు ఊడ్చనివ్వదు. తూర్పు మూల గడ్డి మోకాలెత్తు పెరిగినా కత్తెర వెయ్యదు. గోడ మరమ్మతుకు వచ్చిన మేస్త్రి కన్నాలన్నీ పూడ్చబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "గోడ బాగుచెయ్యమని నువ్వే పిలిచి, కన్నాలు వదిలెయ్యమంటే నేనేం బాగుచెయ్యాలమ్మా?" అని మేస్త్రి తల పట్టుకుని కూర్చున్నాడు. సున్నం రాలిన చోట సున్నమే పెట్టించింది, సిమెంటు మాటెత్తితే మండిపడింది.

పెద్దమాలికి ఇదంతా నచ్చేది కాదు. ఆయన హయాంలో ఆ తోటలో గడ్డిపోచ గీత దాటేది కాదు. అయినా ఒక్కనాడూ కూతురిని పల్లెత్తు మాట అనలేదు. కూతురంటే ఆయనకు ప్రాణం. ఆయనకు అర్థం కానిది కూడా ఆమె చేస్తే సరైనదే అయి ఉంటుందని సర్దుకునేవాడు. ఒక్క దొంగతనం మాత్రం చేశాడు. డబ్బాలు బండెక్కుతున్న రోజున ఒక మందు సీసానూ, దాన్ని చల్లే ఇత్తడి చేతిపంపునూ గోనెసంచిలో చుట్టి తన మంచం కిందికి తోసేశాడు. ముప్పై ఒక్క ఏళ్ల పనికి గుర్తుగా ఏదో ఒకటి ఉండాలి కదా అనుకున్నాడేమో.

ఆ సంవత్సరం పిచ్చుకలు వచ్చాయి. ఒకప్పుడు ఆ గోడల నిండా పిచ్చుకలే. ఆయన హయాంలోనే పలచబడ్డాయి, ఆయన హయాంలోనే పూర్తిగా పోయాయి. పన్నెండేళ్ల తర్వాత ఒక జంట తిరిగొచ్చి పడమటి గోడలో, రాయి ఊడితే మేస్త్రి పూడ్చకుండా వదిలిన పెద్ద కన్నంలో గూడు పెట్టింది. చిన్నమాలి ఆ రోజు తోటలో చిన్నపిల్లలా గంతులేసింది. మర్నాడు తండ్రిని ఆ గోడకెదురుగా ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, చేతిలో ఒక పుస్తకమూ పెన్సిలూ పెట్టి, ఎడమచెవి దగ్గర అరిచింది.

"ఏడు నుంచి ఎనిమిది దాకా! పిట్ట లోపలికెళ్తే ఒక గీత! సరేనా నాన్నా!"

"సరేనమ్మా."

ముసలివాడికి పొద్దుపోవడానికి ఆటబొమ్మ ఇచ్చిందనుకున్నాడు మొదట. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ గంట కోసమే నిద్రలేచేవాడయ్యాడు. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వచ్చాయి. వాటి కిచకిచలు ఆయనకు వినపడవు, కానీ తల్లి వాలగానే కన్నంలో తెరుచుకునే పచ్చటి నోళ్లు ఐదూ కనపడేవి. ఆడదీ మగదీ వంతులు వేసుకుని మేత తెచ్చేవి. ఆయన గీతలు గీసేవాడు, గంట కాగానే లెక్కపెట్టి పక్కన అంకె వేసేవాడు. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై ఏడు. పీట మీద కూర్చుంటే కన్నం కనపడుతుంది గానీ పిట్టలు మేత ఎక్కడినుంచి తెస్తున్నాయో కనపడదు, మధ్యలో దానిమ్మల వరుస అడ్డం. ఆయనకు చూడాలనీ తోచలేదు. ఇచ్చిన పని గీతలు గియ్యడం, ఆ పనిలో ఒక్క గీత కూడా తేడా రానివ్వలేదు.

సోమవారం నాడు ట్రస్టు అధ్యక్షుడు చుట్టాలను వెంటేసుకుని తోట చూపించడానికి వచ్చాడు. గేటు దాటగానే కుడిపక్కన చిక్కుళ్ల వరుస. ముప్పై అడుగుల పందిరి, లేత కాడల నిండా నల్లటి పేనుబంక. కాడ ఎక్కడ మొదలైందో పురుగు ఎక్కడ ఆగిందో తెలియనంతగా పట్టేసి ఉంది. చుట్టం ఒకావిడ పట్టుచీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అధ్యక్షుడి మొహం మాడిపోయింది. ఆ వరుస ముందే చిన్నమాలి తన చేత్తో రాసి పాతిన చెక్కబోర్డు ఉంది: "ఈ వరుసను పురుగులకే వదిలాం. మిగతా తోట జోలికి పోకుండా అవి ఇక్కడ చేరతాయి. గోడలోని పిచ్చుక పిల్లలకు ఇదే మేత. దయచేసి తాకవద్దు." పెద్దమాలికి అక్షరాలు రావు, చదవలేదు. అధ్యక్షుడికి అక్షరాలు వచ్చు, ఆయనా చదవలేదు.

"గురువారం కమిటీ వస్తుంది," అన్నాడాయన చిన్నమాలితో. "పక్షుల పాఠాలు చెప్పే టీచరమ్మను కూడా నువ్వు పిలవమన్నావు కదా, ఆవిడా వస్తుంది. ఈ పద్ధతి ఉంచాలో, కాంట్రాక్టరుకిచ్చి చక్కగా లాను వేయించుకోవాలో ఆ రోజే తేల్చేస్తాం. జనం టికెట్టు కొనేది పురుగుల్ని చూడ్డానికా?"

ఆ మాటలు పెద్దమాలికి వినపడలేదు. అధ్యక్షుడి వేలు చిక్కుళ్ల వైపు చూపించడం కనపడింది, కూతురి మెడ వంగడం కనపడింది. ఆ సాయంత్రం ఆమె పొయ్యి ముందు కూర్చుని, తనకు వీపు పెట్టి ఏడవడం కూడా కనపడింది.

"ఏమైందమ్మా?" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని వచ్చి ఎడమచెవి దగ్గర వంగింది. చెప్పవలసింది చాలా ఉంది. కమిటీ, కాంట్రాక్టరు, ఏడేళ్ల కష్టం, ఈ రెండు గదులు, ఆ చిక్కుళ్లు ఎందుకలా ఉన్నాయో, ఎందుకలాగే ఉండాలో. నోరు తెరిచి, చివరికి అరిచింది.

"గురువారం పెద్దవాళ్లొస్తున్నారు! ఏం భయం లేదు నాన్నా!"

భయం లేదని అరుస్తున్న మొహం నిండా భయమే ఉంది. పెద్దమాలికి విషయం అర్థమైపోయింది, లేదా అర్థమైందనుకున్నాడు. పురుగు పట్టింది. పెద్దవాళ్లు వస్తున్నారు. పిల్ల పట్టుదలకు పోయి మందు కొట్టలేకపోతోంది, కొట్టకపోతే ఉద్యోగం పోతుంది. పురుగు సంగతి ఈ లోకంలో తనకంటే ఎవరికి బాగా తెలుసు?

మంగళవారం తెల్లవారుజామున, కూతురు లేవకముందే, సీసానూ పంపునూ తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. ఏళ్ల తర్వాత ఆ చేతుల్లోకి ఆ పని వచ్చింది, అయినా ఒక్క తప్పు చెయ్యలేదు. తడివేలు గాల్లోకెత్తి గాలి లేదని చూసుకున్నాడు. పూత విచ్చుకోక ముందే ముగించాలని గుర్తుంచుకున్నాడు. గోడ వైపు ఒక్క చుక్క కూడా పోకుండా పంపు నేల వైపే వంచి పట్టుకున్నాడు, పిచ్చుకలకు తగులుతుందేమోనని! అంత జాగ్రత్త. కోటు తడవకుండా విప్పి దగ్గర్లో కనపడిన చెక్కబోర్డుకు తగిలించాడు. ముప్పై అడుగుల వరుసా ఆకు అడుగుభాగాలతో సహా తడిపి, పంపు కడిగి, కోటు తొడుక్కుని, ఏడింటికల్లా పీట మీద కూర్చున్నాడు. ఆ రోజు ఇరవై ఏడు గీతలు.

కూతురు తోటలోకి వచ్చేసరికి తొమ్మిదయింది. పెద్దమాలి దానిమ్మల పక్కనుంచి తొంగిచూస్తూ నిలబడ్డాడు, ఆ మొహంలో సంతోషం చూడాలని. ఆమె చిక్కుళ్ల ముందు ఆగింది. వాసన పీల్చింది. వంగి నేలమీదనుంచి ఏదో ఏరి అరచేతిలో వేసుకుంది. వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్న అక్షింతల పురుగులవి, పేనుబంకను తినడానికి వచ్చినవి. తర్వాత తలెత్తి తండ్రిని చూసింది. ఆయన నవ్వుతున్నాడు.

ఆమె నడిచి వచ్చింది. ఎడమచెవి దగ్గర వంగింది. ఆయన ఎదురుచూశాడు.

"టిఫిను తిన్నావా నాన్నా!"

"తిన్నానమ్మా," అన్నాడాయన, కాస్త నిరాశగా.

మధ్యాహ్నమంతా ఆమె గొట్టం పట్టుకుని ఆ వరుసను కడిగింది, కడిగిందే కడిగింది. ఆకులు నిగనిగలాడాలని కడుగుతోందనుకున్నాడు. తర్వాత ఆ పందిరంతా వల కప్పబోయింది గానీ, ఇంట్లో ఉన్న వల సగం వరుసకే వచ్చింది.

బుధవారం తొమ్మిది గీతలు.

గంట అయిపోయినా పెద్దమాలి పీట మీదనుంచి లేవలేదు. తొమ్మిదేమిటి? కునుకు పట్టిందా? లేదు. ఇంకోటి కూడా తోచింది, ఉదయమంతా ఆడపిట్ట ఒక్కటే కనపడింది. మగది ఏదీ? ఆడది కన్నంలోంచి బయటికి రాగానే, ఇన్నాళ్లలో మొదటిసారి, లేచి దాని వెంట నడిచాడు. అది దానిమ్మలు దాటింది, నీళ్లతొట్టి దాటింది, తిన్నగా వెళ్లి చెక్కబోర్డు మీద వాలింది. అక్కడినుంచి చిక్కుళ్ల కిందికి దిగి, నేలమీద ఇంకా కదులుతున్న పురుగులను ముక్కున కరుచుకుని గోడ వైపు ఎగిరిపోయింది. వల అంచున, పాదు మొదట్లో, మగపిట్ట పడి ఉంది. కాళ్లు ముడుచుకుపోయాయి.

పెద్దమాలి అక్కడే పాదు గట్టు మీద కూలబడ్డాడు. పన్నెండేళ్ల కిందట పిచ్చుకలు ఎక్కడికి పోయాయో కూడా ఆయనకు అప్పుడే తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్లు వీపున మోసింది ఏమిటో తెలిసింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి, నిన్న పొద్దున కూతురు తనను చూసిన చూపు. అది ఇప్పుడు అర్థమైంది.

వెంటనే వెళ్లి చెప్పేద్దామనుకున్నాడు. ఆయనకు వినడమే రాదు గానీ చెప్పడానికేం? కూతురు పనిముట్ల గదిలో కమిటీ కోసం కాగితాలు సర్దుకుంటోంది. గుమ్మంలో ఈయన నీడ చూసి తలెత్తింది.

"ఏంటి నాన్నా!"

"ఏం లేదమ్మా," అన్నాడు. పొడుగు మాట చెప్పే అలవాటు ఆయనకూ తప్పిపోయింది.

గురువారం గంటసేపు కూర్చుంటే రెండే గీతలు. రెండోసారి వచ్చినప్పుడు ఆడపిట్ట కన్నం అంచున వాలి, ముక్కున మేత పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఒక్క నోరూ తెరుచుకోలేదు. అది మేత వదిలేసి ఎగిరిపోయింది. పెద్దమాలి చేతిలో పెన్సిలు ఉంది. రెండు గీతల పక్కన ఇరవై గీతలు గియ్యడానికి ఎంతసేపు? ఎవరికి తెలుస్తుంది? పెన్సిలు కాగితం దాకా వెళ్లింది. కానీ ఆ పుస్తకం కూతురు తనను నమ్మి ఇచ్చిన పని. ఒక చేత్తో ఆమె పిట్టలను చంపి, ఇంకో చేత్తో ఆమె పుస్తకాన్నీ పాడుచెయ్యడం ఆయనవల్ల కాలేదు. రెండు అని అంకె వేసి మూసేశాడు.

పదింటికి కమిటీ వచ్చింది. చిక్కుళ్లు చూసి అధ్యక్షుడి మొహం విప్పారింది. "అబ్బ! ఇదీ తోటంటే! ఏం చేశావమ్మాయ్?"

పక్షుల టీచరమ్మ, ఈ తోట పద్ధతికి ఆ రోజు దిక్కు ఆవిడొక్కతే, పుస్తకం అడిగి తీసుకుంది. వేలు పెట్టి అంకెలు చూస్తూ వచ్చింది. ఇరవై నాలుగు, ఇరవై ఏడు, ఇరవై ఏడు, తొమ్మిది, రెండు. ఆవిడ మొహం మారింది. గోడ దాకా వెళ్లి, కన్నం దగ్గర చెవి పెట్టి విని, తిరిగొచ్చింది.

"ఎవరైనా మందు కొట్టారా?" అని అడిగింది.

"నేనే," అంది చిన్నమాలి. గొంతు పెంచలేదు. "సోమవారం సార్ అలా అన్నాక కంగారుపడ్డాను. నేనే కొట్టాను."

ఆ మాట తండ్రికి వినపడలేదు. ఆయన తన వంతుకు సిద్ధమవుతున్నాడు. టీచరమ్మ పెదాలు కదిలాయి, అడిగిందేమిటో ఊహించాడు. చెవిటివాళ్ల గొంతుతో, అవసరానికి మించి గట్టిగా, తోటంతా మోగేలా అరిచాడు.

"నేనే కొట్టాను! ఆ పిల్లకు తెలీదు! మంచం కింద దాచుకున్న సీసా అది! నేను, నేనే!"

అందరూ ఆయన వైపు తిరిగారు. అధ్యక్షుడు దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "పాపం, కూతుర్ని కాపాడుకోవాలని ఎంత తాపత్రయమో చూడండి," అన్నాడు మిగతావాళ్లతో. "ఈ వయసులో ఈయనకు పంపు ఎత్తే ఓపికుందా? అమ్మాయి తనే ఒప్పుకుంది కదా." నిజం చెప్పినవాడికి జాలి దక్కింది, నమ్మకం దక్కలేదు. భుజం తట్టినందుకు పెద్దమాలి, ఆ మాటలేవీ చేరక, తన మాట అందిందనుకుని చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. చివరికి ఈ అమ్మాయే మందు కొట్టుకుందంటే ఈ పద్ధతి పనికిరాదన్నట్టే కదా అన్నాడు అధ్యక్షుడు. టీచరమ్మ దగ్గర ఎదురు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి కాంట్రాక్టరు. ఈలోగా గదులు ఖాళీ చెయ్యాలి. టీచరమ్మ పుస్తకాన్ని పెద్దమాలి చేతిలో పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుని వెళ్లిపోయింది.

అందరూ పోయాక చిన్నమాలి నిచ్చెన తెచ్చి పడమటి గోడకు వేసింది. కన్నంలో చెయ్యి పెట్టి గూడును మెల్లగా బయటికి తీసింది. ఐదూ ఉన్నాయి. రెక్కల మీద ఈకలు వచ్చేశాయి. ఇంకో నాలుగు రోజులుంటే ఎగిరేవి. గోడ మొదట్లో గుంట తవ్వి, గూడుతో సహా అందులో పెట్టింది. మట్టి కప్పడానికి పెద్దమాలి కూడా వంగాడు. ఆమె ఆయన చేతులను పక్కకు తొయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"నేను చెప్పాను వాళ్లకి," అన్నాడాయన. "నేనే అని చెప్పాను. నీ తప్పు లేదని తెలిసిందిగా. ఉద్యోగం ఉంటుందిగా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"తిట్టమ్మా నన్ను," అన్నాడాయన. "గట్టిగా తిట్టు. నాకు వినపడేలా తిట్టు."

ఆమె లేచింది. ఆయనకు వీపు పెట్టి, గోడకు అరచేతులు ఆనించి, నుదురు రాయికి తాకించి, ఏదో మాట్లాడడం మొదలుపెట్టింది. వీపు కదలడం ఆయనకు కనపడుతోంది. భుజాలు లేచి పడుతున్నాయి. ఒక మాట కాదు, రెండు మాటలు కాదు. ఆగుతోంది, ఊపిరి తీసుకుంటోంది, మళ్లీ మాట్లాడుతోంది. ఏడేళ్లలో కూతురు అంత పొడుగు మాట మాట్లాడగా ఆయన చూడలేదు. అందులో తిట్లున్నాయో, క్షమించానని ఉందో, ఆ చిక్కుళ్ల సంగతి మొదటినుంచీ చెబుతోందో ఆయనకు తెలియదు. అదంతా తనకు చెప్పవలసిన మాటేనని మాత్రం తెలిసింది. ఎడమచెవిని ఆమె వైపు తిప్పి, రెండు చేతులతో పుస్తకం పట్టుకుని, అయ్యేదాకా నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె వీపు కదలడం ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఇటు తిరిగి, రోజూ వచ్చినట్టే దగ్గరికొచ్చి ఎడమచెవి దగ్గర వంగింది.

"అన్నం తిందువుగాని రా నాన్నా!"

తోట ఈ మూల నుంచి ఆ మూలకు వినపడింది.